మన చేతి పొడికి మంచి ఉత్తరం

ఉత్తరం రాయడం మనకేమన్నా కొత్తా చెప్పండి? ఇన్‌లాండు కవరు మడతల మీద కూడా చోటు వదలకుండా పుట్టింటికి రాసినవాళ్ళం. ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టి ఈ ఏడు ఆవకాయ ఎన్ని కాయలు పెట్టామో, చంటాడికి ఎన్ని పళ్ళొచ్చాయో, అత్తగారి మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో అన్నీ పూసగుచ్చినట్టు రాసేవాళ్ళం. అలాంటి మనల్ని, ‘‘మా ఇంట్లో మంచి కందిపొడి చేస్తాను, మీ హాస్టలుకి నెలనెలా కొనుక్కోండి’’ అని ఒక్క ఉత్తరం రాయమంటే మాత్రం కలం కదలదు. ఏదో సిగ్గు. అడుక్కుంటున్నట్టు ఉంటుందేమోనని బెరుకు.

ఈ వారం మన ముచ్చట ఆ ఉత్తరం గురించే. వంటింట్లోంచి నాలుగు రూపాయలు సంపాదించుకుందామని చూసే సోదరీమణులు చాలామంది పక్కింటివాళ్ళకీ, చుట్టాలకీ అమ్మడం దగ్గరే ఆగిపోతారు. ‘‘వదినా, నీ చేతి పొడి అమృతం’’ అంటారు, అరకిలో పట్టుకెళతారు, డబ్బు అడగడానికి మనకి నోరు రాదు. నెలాఖరుకి చూసుకుంటే మెప్పు మిగులుతుంది, డబ్బు మిగలదు. నిలకడగా గిరాకీ కావాలంటే రోజూ పదిమందికి వండిపెట్టే చోటు పట్టుకోవాలి. హాస్టళ్ళు, మెస్సులు, ఆఫీసు క్యాంటీన్లు, క్యాటరింగు వాళ్ళు, మిఠాయి దుకాణాలు... వీళ్ళెవరూ మన చుట్టాలు కారు. మన చెయ్యి ఎంత మంచిదో వాళ్ళకి తెలీదు. మన తరఫున మాట్లాడాల్సింది ఒక్క కాగితం ముక్కే.

కష్టం చెబితే జాలి, లెక్క చెబితే బేరం

మా వీధి చివర ఒకావిడ ఉన్నారు. భర్త పనిచేసే ప్రెస్సు మూతపడింది. అమ్మాయి ఇంటర్‌లో చేరాలి, ఫీజు కట్టాలి. పొడులు కొట్టడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. దగ్గర్లో ఉన్న ఒక లేడీస్ హాస్టలుకి ఉత్తరం రాశారు. అది ఇంచుమించు ఇలా ఉంది:

‘‘గౌరవనీయులైన మేనేజరు గారికి నమస్కరించి వ్రాయునది. నేను ఒక పేద గృహిణిని. మా వారి ఉద్యోగము పోయినది. ఇద్దరు పిల్లలు. నేను 20 సంవత్సరములుగా రకరకముల పొడులు, పచ్చళ్ళు, వడియములు, అప్పడములు, స్వీట్లు చేయుచున్నాను. అందరూ చాలా బాగున్నవని మెచ్చుకున్నారు. కావున తమరు దయతలచి ఆర్డరు ఇచ్చి నా కుటుంబమును ఆదుకోగలరని ప్రార్థించుచున్నాను.’’

ఇందులో ఒక్క అబద్ధం లేదు. చదివితే మనసు కరుగుతుంది కూడా. హాస్టలు యజమానురాలి మనసూ కరిగింది. రెండు కిలోలు తీసుకున్నారు. మరుసటి నెల ఆర్డరు రాలేదు. ఆవిడే వెళ్ళి అడిగితే వచ్చిన జవాబు ఏమిటో తెలుసా? ‘‘మీ కష్టం చదివానమ్మా. కానీ పొడి కిలో ఎంతో, నెలకి ఎంత ఇవ్వగలరో ఏమీ రాయలేదేం?’’

చూశారా! జాలి ఒక్కసారే కొంటుంది. అవసరమైతేనే నెలనెలా కొంటుంది. ఆ యజమానురాలికి మన ఇంటి కష్టం తీర్చడం పని కాదు. 60 మంది అమ్మాయిలకి పూటపూటా అన్నం పెట్టడం పని. మన ఉత్తరం ఆ పనిలో ఆవిడకి ఏం సాయం చేస్తుందో చెప్పాలి. అప్పుడది అడుక్కోవడం కాదు, బేరం. మన ‘ఉభయకుశలోపరి’ ఇక్కడ భలేగా పనికొస్తుంది. ఇటు మనకీ లాభం, అటు వాళ్ళకీ లాభం. అదే వ్యాపారంలో ఉభయకుశలం.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1959లో బొంబాయిలోని గిర్‌గాంలో ఏడుగురు ఇల్లాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు వత్తడం మొదలుపెట్టారు. తొలిరోజు తయారైనవి నాలుగే ప్యాకెట్లు. వాటిని తెలిసిన వ్యాపారికి అమ్మారు. నష్టం వచ్చినా సరే, ఎవరి దగ్గరా విరాళం పుచ్చుకోకూడదని మొదట్లోనే నియమం పెట్టుకున్నారు. అదే మనందరం ఎరిగిన లిజ్జత్ పాపడ్! ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. విరాళం వద్దు, అప్పడం కొనండి అన్నారు వాళ్ళు. మన ఉత్తరం అడగవలసిందీ అంతే.

కాగితం ముట్టుకోకముందు

పోపు వెయ్యాలంటే ముందు గింజలన్నీ పక్కన పెట్టుకుంటాం కదా. ఉత్తరానికీ అంతే. నాలుగు సంగతులు ముందే సిద్ధం చేసుకోవాలి.

మొదటిది, ఎవరికి రాస్తున్నాం? ‘మేనేజరు గారికి’ అని రాసిన ఉత్తరం ఎవరి బల్ల మీదా ఆగదు. ఆ హాస్టలుకి సరుకులు కొనేది ఎవరు? యజమానురాలా, వార్డెనా, వంటమాస్టరా? గేటు దగ్గర అడిగితే చెబుతారు. పేరు, ఇంటిపేరు తప్పుల్లేకుండా రాసుకోండి. పెళ్ళి శుభలేఖ మీద పేరు తప్పు పడితే ఎంత నొచ్చుకుంటారో, ఇదీ అంతే.

రెండోది, వాళ్ళకి తలనొప్పి ఏమిటి? హాస్టలు వాళ్ళకి అమ్మాయిలు అన్నం పారెయ్యడం తలనొప్పి. ఆఫీసు క్యాంటీనుకి టిఫిను వేళ చట్నీ చాలకపోవడం తలనొప్పి. క్యాటరింగు వాళ్ళకి ముహూర్తాల రోజుల్లో చేతులు చాలవు, అన్న టైముకి సరుకు రాకపోతే పరువు పోతుంది. మిఠాయి దుకాణం వాళ్ళకి అమ్ముడుపోని సరుకు అలమార్లో ఉండిపోతుందేమోనని భయం. ఏ ఇంటి రోగానికి ఆ మందు. ఒకే ఉత్తరం జిరాక్సు తీసి అందరికీ పంచితే ఎవరికీ పట్టదు.

మూడోది, ఏం అమ్ముతున్నాం? మనకి ముప్ఫై రకాలు వచ్చు, నిజమే. కానీ ఉత్తరంలో ఒకటో రెండో చెప్పాలి. పొడులు, పచ్చళ్ళు, వడియాలు, స్వీట్లు అన్నీ ఏకరువు పెడితే ఏదీ గుర్తుండదు. ముందు కందిపొడి వాళ్ళ గడప లోపలికి వెళ్ళనివ్వండి. దాని వెనకాలే కరివేపాకు కారం, గోంగూర పచ్చడి అవే వెళతాయి.

నాలుగోది, ధర. ఇక్కడే మన ఆడవాళ్ళం ఎక్కువగా మోసపోతాం... ఎవరో మోసం చెయ్యక్కర్లేదు, మన చెయ్యి కూలి మనమే లెక్క కట్టం! ఉదాహరణకి కిలో కందిపొడికి పప్పులు, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు అన్నీ కలిపి 200 రూపాయలు అనుకుందాం. గ్యాసు, మిక్సీ కరెంటు 25. ప్యాకింగు 15. ఆటో ఖర్చు 20. మొత్తం 260. ఇక్కడ ఆపేసి 270కి అమ్మితే రోజంతా పొయ్యి దగ్గర నిలబడ్డందుకు మిగిలింది 10 రూపాయలు! చెయ్యి కూలి 100 వేసుకోండి, 360 అవుతుంది. ఇది లెక్క చూపించడానికి వేసిన లెక్కే సుమా, మీ ఊళ్ళో ధరలు మీరు వేసుకోండి. కానీ ఆ చివరి అంకె మాత్రం వదలకండి.

ఇప్పుడదే లెక్కని వాళ్ళ వైపు నుంచి చూడండి. మనిషికి పూటకి 10 గ్రాములు. 60 మందికి 600 గ్రాములు. రోజు విడిచి రోజు వడ్డిస్తే నెలకి 15 పూటలు, అంటే 9 కిలోలు. కిలో 360 చొప్పున 3,240 రూపాయలు. తలకి నెలకి 54 రూపాయలు, పూటకి 3 రూపాయల 60 పైసలు. ‘కిలో 360’ అంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. ‘పూటకి నాలుగు రూపాయల లోపే’ అంటే, అంతేనా అనిపిస్తుంది. రెండూ నిజమే, దాపరికం ఏమీ లేదు. వాళ్ళు లెక్క వేసుకోవలసిన పని మనమే చేసిపెట్టాం, అంతే.

ఇదిగో ఉత్తరం

పైన చెప్పిన ఆవిడా నేనూ కూర్చుని రెండోసారి రాసిన ఉత్తరం ఇది. పేర్లు ఉన్నచోట చుక్కలు పెట్టాను, మీవి రాసుకోండి.

‘‘శ్రీమతి ................ గారికి,

నమస్కారం.

కూర నచ్చని రోజున మీ హాస్టలు అమ్మాయిలు అన్నం సగంలో వదిలేసి బయట్నుంచి తెప్పించుకుంటున్నారా? పారేసిన ఆ అన్నం కూడా మీరు డబ్బు పెట్టి కొన్నదే. బల్ల మీద కమ్మటి కందిపొడి ఉంటే కూర ఎలా ఉన్నా ఆ పూట గడిచిపోతుంది.

నేను మీ హాస్టలుకి రెండు వీధుల అవతల ఉంటాను. 20 ఏళ్ళుగా పొడులు చేస్తున్నాను. పప్పులు సన్నటి సెగ మీద విడివిడిగా వేయిస్తాను. రంగులు, నిలవ మందులు వెయ్యను. మీకు కావలసిన పొడి ముందురోజే కొట్టి, తయారు చేసిన తేదీ వేసి ఇస్తాను. ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు ప్రతి ప్యాకెట్టు మీదా ఉంటుంది.

మీ హాస్టలులో 60 మంది ఉన్నారని తెలిసింది. రోజు విడిచి రోజు వడ్డిస్తే నెలకి 9 కిలోలు సరిపోతుంది. కిలో 360 రూపాయలు, నెలకి 3,240. అంటే ఒక్కొక్కరికి పూటకి 3 రూపాయల 60 పైసలు. ప్రతి నెలా 1వ తేదీన, 16వ తేదీన నాలుగున్నర కిలోల చొప్పున నేనే తెచ్చి ఇస్తాను. డబ్బు నెలకి ఒకసారి, బిల్లు అందిన వారం లోపల ఇస్తే చాలు.

నా మాట మీద నమ్మకంతో కొనమనడం లేదు. వచ్చే గురువారం ఉదయం 11 గంటలకి మీ అమ్మాయిలందరికీ ఒక పూటకి సరిపడా 600 గ్రాముల పొడి తెచ్చి ఇస్తాను. దానికి డబ్బు వద్దు. ఆ రాత్రి వడ్డించి చూడండి. నచ్చితే ఒకటో తేదీ నుంచి మొదలుపెడదాం.

గురువారం మీకు వీలుకాకపోతే నా ఫోను నంబరు .......... కి ఒక్క మాట చెప్పండి, మీకు కుదిరిన రోజునే వస్తాను.

ఇట్లు,
................

తా.క. వెల్లుల్లి తినని అమ్మాయిలు ఉంటే చెప్పండి. వారికి విడిగా చేసి, వేరే డబ్బాలో ఇస్తాను.’’

ఎందుకలా రాశామంటే

మొదటి వాక్యంలో ‘నేను’ అన్న మాటే లేదు, గమనించారా? ‘మీ’ అన్న మాటతో పని మొదలైంది. ఆవిడ రోజూ కళ్ళారా చూసే సంగతే రాశాం కాబట్టి రెండో వాక్యం చదవక మానదు. మన గురించి రెండో పేరాలో గానీ చెప్పుకోలేదు. అదీ ఆవిడకి పనికొచ్చేంత మేరకే. ‘అందరూ మెచ్చుకున్నారు’ అని రాస్తే నమ్మేదెవరు? ‘ముందురోజే కొట్టి తేదీ వేసి ఇస్తాను’ అంటే నమ్ముతారు. ఎందుకంటే అది తిప్పి చూసుకోదగ్గ మాట.

ధర దాచలేదు. ‘రేట్లకి సంప్రదించండి’ అని రాసేవాళ్ళున్నారు. తీరికలేని మనిషి సంప్రదించదు, ఉత్తరం పక్కన పడేస్తుంది. చివరికి ఏం చెయ్యాలో కూడా ఆవిడకి వదిలెయ్యలేదు. ‘తమ జవాబుకై ఎదురుచూచుచున్నాను’ అంటే పని ఆవిడ నెత్తిన పెట్టినట్టు. గురువారం 11 గంటలకి నేనే వస్తాను అంటే పని మన నెత్తిన వేసుకున్నట్టు.

ఇక తా.క. సంగతి. మన ఇళ్ళల్లో ఉత్తరం వస్తే ముందు ఎవరి దగ్గర్నుంచో చూసి, తర్వాత తాజా కలంలో ఏముందో చూసేవాళ్ళం కదా! అసలు సంగతి అక్కడే ఉండేది. ఇప్పటికీ చదివేవాళ్ళ కన్ను అక్కడే పడుతుంది. అందుకని అక్కడ ఒక మంచి సంగతి పెట్టండి. తొందరపెట్టే మాటలు పెట్టకండి. ‘ఈ అవకాశం రెండు రోజులే’ లాంటివి చీరల దుకాణం బ్యానర్ల మీద బాగుంటాయి, మన ఉత్తరంలో కాదు.

ఉత్తరం ఒక్క పేజీ దాటకూడదు. గళ్ళు లేని తెల్ల కాగితం, నాలుగు వేపులా ఖాళీ, కొట్టివేతలు లేకుండా ఉండాలి. దస్తూరి గుండ్రంగా ఉంటే చేత్తోనే రాయండి, లేకపోతే టైపు చేయించండి. తెలుగు చదవని యజమాని అయితే పిల్లల చేత ఇంగ్లీషులోనో హిందీలోనో రాయించండి, చిన్న చిన్న వాక్యాలే చాలు. ముగించాక ఇంట్లో ఎవరి చేతనైనా పైకి చదివించండి. చదివేవాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం తిరగరాయాలని గుర్తు.

దుకాణానికైతే వరస మారుతుంది

హాస్టలు ఆవిడ వడ్డించడానికి కొంటుంది. దుకాణం వాడు అమ్మడానికి కొంటాడు. అతనికి పొడి రుచి కన్నా ముందు తనకెంత మిగులుతుందన్నది ముఖ్యం. కాబట్టి దుకాణానికి రాసేటప్పుడు మీకు ఇచ్చే ధర ఇంత, ప్యాకెట్టు మీద వేసే ధర ఇంత, మీకు ప్యాకెట్టుకి మిగిలేది ఇంత అని మొదటి పేరాలోనే చెప్పెయ్యండి. ‘ముందు 20 ప్యాకెట్లే పెట్టండి, 15 రోజుల్లో అమ్ముడుపోనివి నేనే వెనక్కి తీసుకుంటాను’ అంటే అతని భయం తీరుతుంది. వెనక్కి వచ్చే సరుకు ఖర్చు భరించగలిగితేనే ఆ మాట రాయండి సుమా.

బడి దగ్గరి దుకాణాలకీ, బడి క్యాంటీన్లకీ వేరుసెనగ ఉండలు, నువ్వుండలు ఇవ్వాలనుకుంటే లోపల ఏమేం పడ్డాయో విడమరిచి రాయండి. వేరుసెనగ, నువ్వులు పడని పిల్లలుంటారు. ఆ సంగతి మనమే ముందు చెబితే మన మీద నమ్మకం పెరుగుతుంది.

చట్టం కూడా చూసుకోవాలి

ఇంట్లో చేసి అమ్మినా ఆహార పదార్థం అమ్మితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ దగ్గర నమోదు చేసుకోవాలి. చిన్న తయారీదారులకి రిజిస్ట్రేషన్, పెద్దవారికి లైసెన్సు. ఫాస్కాస్ అనే వాళ్ళ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 14 అంకెల నంబరు వస్తుంది. అది ప్యాకెట్టు మీద వెయ్యాలి, 2022 నుంచి బిల్లు మీద కూడా వెయ్యాలి. ప్యాకెట్టు మీద ఆ నంబరుతో పాటు పదార్థం పేరు, వేసిన దినుసులు, నికర తూకం, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, బ్యాచి నంబరు, మీ చిరునామా, శాకాహారం అని తెలిపే ఆకుపచ్చ చుక్క గుర్తు ఉండాలి. పెద్ద గిరాకీలు ముందు అడిగేది ఈ నంబరే. అది లేకుండా ఎంత మంచి ఉత్తరం రాసినా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

రెండోది ఉద్యం నమోదు. 2020 జులై నుంచి చిన్న పరిశ్రమల నమోదు ఈ పేరుతో జరుగుతోంది. ఆధార్‌తో పాటు పాన్ కూడా కావాలి, ప్రభుత్వ వెబ్‌సైటులో పైసా ఖర్చుండదు. మధ్యలో ఎవరైనా ‘ఫీజు కట్టండి’ అంటే అది వాళ్ళ ఫీజు, ప్రభుత్వానిది కాదు. దీనివల్ల లాభం ఏమిటంటే, 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం మన సరుకు తీసుకున్న సంస్థ రాతపూర్వకంగా ఎంత గడువు పెట్టుకున్నా 45 రోజులు మించకుండా డబ్బు ఇచ్చెయ్యాలి. దాటితే వడ్డీ కూడా ఇవ్వాలి. అందుకే డబ్బు ఎప్పుడివ్వాలో ఉత్తరంలోనే రాసుకోమన్నాను. నోటిమాటగా ఒప్పుకున్నది నాలుగు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇంకొక్క మాట. ‘మా పొడి తింటే షుగరు తగ్గుతుంది’, ‘మోకాళ్ళ నొప్పులు మాయం’ లాంటివి ఉత్తరంలో గానీ ప్యాకెట్టు మీద గానీ రాయకండి. 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో, తప్పుదారి పట్టించే ప్రకటనకి 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. కందిపొడిని కందిపొడిగానే అమ్ముదాం, మందుగా కాదు.

పంపాక ఏం చెయ్యాలి?

దగ్గర్లో ఉన్న చోటయితే ఉత్తరం చేత్తో ఇవ్వండి. దూరమైతే పోస్టులో పంపండి. ఇప్పుడు రిజిస్టర్డు పోస్టు విడిగా లేదు, 2025లో దాన్ని స్పీడు పోస్టులో కలిపేశారు. వాట్సాప్‌లో పంపితే తేలికే గానీ, ముందు ఫోను చేసి ‘పంపమంటారా’ అని అడిగి పంపండి. తెల్లారి వచ్చే శుభోదయాల మధ్య మన ఉత్తరం కలిసిపోకూడదు.

ఒక్కసారిగా ముప్ఫై మందికి పంపకండి. ఐదుగురికి చాలు. శాంపిలు 600 గ్రాములు ఇవ్వాలంటే మన కూలి వదిలేసినా 156 రూపాయలు ఖర్చవుతుంది. ఐదుగురంటే 780. పైగా ముప్ఫై మందీ సరే అంటే ఎక్కడ కొట్టి ఇస్తాం?

గురువారం అన్నాం కాబట్టి గురువారం 11 గంటలకి గుమ్మంలో ఉండాలి. ఆ ఉత్తరంలో మనం నిలబెట్టుకోవలసిన మొదటి మాట అదే. తర్వాత నాలుగు రోజులాగి ఫోను చెయ్యండి. ‘‘ఆర్డరు ఇస్తారా అండీ?’’ అని దీనంగా అడగొద్దు. ‘‘అమ్మాయిలు ఏమన్నారండీ? ఉప్పుకారాలు సరిపోయాయా?’’ అని అడగండి. కారం ఎక్కువైంది అంటే సంతోషించండి, తగ్గించి ఇమ్మని అడిగినట్టే. ధర ఎక్కువంటే చెయ్యి కూలి కోసుకోకండి. ‘వారానికి రెండు పూటలకి చేసి చూద్దామా’ అని సరుకు తగ్గించి చెప్పండి. ధర ఒకసారి తగ్గిస్తే మళ్ళీ పెంచలేం.

వద్దన్నారా? నొచ్చుకోకండి. ఆడపిల్లకి వచ్చిన మొదటి సంబంధమే కుదరాలని ఉందా? ‘‘పరవాలేదండీ, మళ్ళీ మూడు నెలలకి ఒకసారి కనుక్కుంటాను’’ అని నవ్వుతూ వచ్చెయ్యండి. ఒక పాత నోటు పుస్తకంలో ఎవరికి ఎప్పుడు రాశారో, ఏమన్నారో, మళ్ళీ ఎప్పుడు అడగాలో రాసిపెట్టుకోండి. చాకలి పద్దు, పాల లెక్క రాసే మనకి ఇదో లెక్కా!

అన్నట్టు, మా వీధి ఆవిడ సంగతి చెప్పలేదు కదూ. ఐదు హాస్టళ్ళకి ఆ ఉత్తరం ఇచ్చారు. ఇద్దరు అసలు పలకలేదు. ఒకరు ధర ఎక్కువన్నారు. రెండు చోట్ల కుదిరింది. అందులో ఒకటి, మొదట్లో జాలిపడి రెండు కిలోలు కొన్న హాస్టలే! రెండిటికీ కలిపి నెలకి 18 కిలోలు, చెయ్యి కూలి 1,800 రూపాయలు. అమ్మాయి కాలేజీ ఫీజంతా దాంతో తీరదు, నిజమే. కానీ బస్సు పాసు, పుస్తకాలు ఆ డబ్బుతోనే. నాలుగు చోట్లయితే 3,600 అవుతుందని ఆవిడే లెక్క వేసుకుని ఇంకో ఐదు ఉత్తరాలు రాస్తున్నారు. ఈసారి నన్ను పిలవలేదు, తనే రాసుకుంటున్నారు. హాస్టలు ఆవిడ ఇప్పుడు ‘పాపం, ఆవిడ’ అనడం లేదట. ‘మా పొడులావిడ’ అంటోందట. ఆ రెండు పిలుపులకీ తేడా ఎంతో మీకు నేను చెప్పాలా?

మీరూ మొదలుపెట్టండి. ఈ మధ్యాహ్నం గిన్నెలు సర్దాక ఒక తెల్ల కాగితం తీసుకుని, పైన మీకు తెలిసిన ఒక్క గిరాకీ పేరు రాయండి. కింద వాళ్ళ తలనొప్పి ఏమిటో ఒక్క వాక్యం రాయండి. మిగతా ఉత్తరం దాని వెనకాలే వస్తుంది. సరుకు ఇచ్చాక డబ్బు ఇవ్వకుండా తిప్పే గిరాకీల సంగతి, మొహమాటపడకుండా బాకీ వసూలు చేసుకోవడం ఎలాగో వచ్చేవారం చెప్పుకుందాం. ఉంటాను మరి.